బంగారానికి గీటురాయి ఉంది, చాకుకు ఏది?

(పులివెందులలో చీనీ, అరటి రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రొద్దుటూరులో బంగారం అంగడికి పోతే మనం ఏం చేస్తాం? గీటురాయి మీద గీయించి చూస్తాం. హాల్‌మార్క్ ముద్ర ఉందా అని అడుగుతాం. తూకం నిలకడగా ఆగేదాకా కన్ను తిప్పం. అదే మనం ఇనుప సామాన్ల అంగడికి పోయి అంటుకత్తి కొనేటప్పుడు మాత్రం తళతళ మెరిసేది ఒకటి ఏరుకొని, ధర కాస్త తగ్గించమని అడిగి, జేబులో వేసుకొని వచ్చేస్తాం. ఏడాదికోసారి కొనే బంగారానికి ఉన్న పరీక్ష రోజూ చేతిలో ఉండే ఉక్కుకు ఎందుకు లేదు? ఈరోజు మేము మాట్లాడదలచుకున్నది ఇదే.

ఇంత చిన్న వస్తువుకు ఒక ప్రసంగమా అని కొందరు నవ్వుతున్నారు. సినిమావాళ్లు మన సీమ అంటే వేటకొడవలే చూపిస్తారు. నిజానికి మన రైతు రొంటిన ఉండేది మడతచాకు. చీనీ అంటు కట్టేది దానితోనే. ఎండుపుల్ల కోసేది, అరటి ఆకు తీసేది, డ్రిప్పు పైపు కత్తిరించేది, మందు సంచి మూతి కోసేది కూడా దానితోనే. రోజుకు ఎన్నిసార్లు తెరుస్తామో, ఎన్నిసార్లు మూస్తామో లెక్కే లేదు.

మా సంఘం సభ్యుల్లో ఒకాయనకు జరిగింది చెబుతాం. కొత్త చాకు కొన్నాడు. చూడటానికి అద్దంలా ఉంది. మూడో రోజు గట్టి కొమ్మ కోస్తుంటే చాకు తనంతట తాను మడతపడి చూపుడువేలు తెగింది. పదిహేను రోజులు పని లేదు. తీసుకొచ్చి మాకు చూపించాడు. లోపల స్ప్రింగు పట్టీ పల్చటి రేకు. రివిట్టు అప్పటికే వదులైంది. ఆ లోపాలు అంగట్లోనే కనిపించేవి. చూడటం ఎలాగో ఆయనకు ఎవరూ చెప్పలేదు. మేమూ చెప్పలేదు. ఆ తప్పు సరిదిద్దుకోవడానికే ఈ మాటలు.

ముందుగా తోట సంగతి. మన చీనీ మొక్క రెండు చెట్ల కలయిక. కింద రంగపూర్ నిమ్మ వేరుమూలం, పైన సాతుగుడి కన్ను. వేరుమూలం బెరడు మీద ‘టి’ ఆకారంలో గాటు పెట్టి, బెరడు లేపి, కన్ను దూర్చి కడతాం. పదునైన కత్తి అయితే ఒక్క గీతతో బెరడు తెగుతుంది, లోపలి కట్టె గాయపడదు. మొద్దు కత్తి బెరడును కోయదు, చింపుతుంది. చిరిగిన అంచు ఎండుతుంది, కన్ను అతుక్కోదు. అతుక్కున్నా ఆ గాయం సరిగా మానదు. చీనీ చెట్టు చెప్పుకోదగ్గ కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. కత్తి దగ్గర మిగిల్చుకున్న వంద రూపాయలకు మనం ఏళ్ల తరబడి వడ్డీ కడతాం.

ఇప్పుడు పరీక్షలకు వద్దాం. వీటికి ఏ యంత్రమూ అక్కర్లేదు. కళ్లు, వేళ్లు, చెవి చాలు.

మొదటిది, మూసి చూడండి. మూసిన చాకును వెన్నువైపు నుంచి, తెరిచివున్న వైపు నుంచి వెలుతురుకు పట్టి చూడండి. బ్లేడు రెండు రేకుల నడుమ సరిగ్గా మధ్యలో ఉండాలి. ఒక పక్కకు ఒరిగి రేకును రాసుకుంటోందంటే రివిట్టు వంకరగా కొట్టారని అర్థం. బ్లేడు మొన పిడి బయటకు ఏమాత్రం పొడుచుకు రాకూడదు. జేబులో చెయ్యి పెట్టినప్పుడు, రొంటిన దోపుకొని వంగినప్పుడు అదే గుచ్చుకుంటుంది.

రెండోది, తెరిచి ఊపండి. పిడిని ఒక చేత్తో గట్టిగా పట్టుకొని, రెండో చేత్తో బ్లేడు వెన్ను పట్టి కుడికి ఎడమకు, పైకి కిందికి కదపండి. కొత్త చాకులో కదలిక ఉండకూడదు. ఈరోజు వెంట్రుకంత ఆడితే ఆరు నెలలకు వేలెడు ఆడుతుంది. అంటు కట్టేటప్పుడు గాటు వంకరపోయేది ఈ ఆట వల్లనే.

మూడోది, చెవి పెట్టండి. మంచి స్ప్రింగు ఉన్న చాకు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ‘టక్’మని ఒక్క శబ్దం చేస్తుంది. మూసేటప్పుడు కూడా చివర దానంతట అదే లోపలికి లాక్కుంటుంది. శబ్దం లేకుండా జారిపోయేది నమ్మదగ్గది కాదు. అలాగని గోరు విరిగేంత బిగువుగా ఉన్నదీ మంచిది కాదు. మన తోటల్లో సగం పని చేసేది ఆడవాళ్లు. వాళ్ల చేతికి ఇచ్చి తెరిపించి చూడండి. బ్లేడు మీద గోరు పెట్టే గాడి లోతుగా, చేతికి అందేచోట ఉండాలి. చెమట చేత్తో తెరవలేని చాకు మన ఎండలకు పనికిరాదు.

నాలుగోది, వేలితో తడమండి. రివిట్టు తలలు రెండు పక్కలా పిడితో సమంగా ఉండాలి. గరుకుగా పైకి లేస్తే చేతికి బొబ్బలు వస్తాయి. లోపలికి గుంటపడితే పట్టు లేదని అర్థం. పిడి చెక్కకూ లోపలి రేకుకూ మధ్య గోరు దూరే సందు ఉందేమో చూడండి. ఆ సందులో చెట్టు రసం, మట్టి చేరి తుప్పుకు దారి చేస్తాయి. అంటుకత్తికి బెరడు లేపే మొద్దు పలక ఒకటి ఉంటుంది. అది నున్నగా ఉండాలి. అంచు కోసుకుపోయేలా ఉంటే బెరడుకు గాయం చేస్తుంది.

ఐదోది, ఉక్కు. అసలైనదీ, కంటికి కనపడనిదీ ఇదే. మెరుపుకూ గట్టిదనానికీ సంబంధం లేదు. మెత్తని స్టీలును కూడా అద్దంలా మెరిపించవచ్చు. ఆకురాయి పాతది ఒకటి వెంట తీసుకుపోండి. బ్లేడు మడమ దగ్గర, కోతకు వాడని చోట, నెమ్మదిగా ఒక్కసారి ఆనించండి. సరిగా కాల్చి గట్టిపరచిన ఉక్కు మీద ఆకురాయి జారుతుంది. మెత్తని ఉక్కును అది పట్టి గీరుతుంది. అంగడివాడు ఒప్పుకోకపోతే ఒక్కటే కొనండి, ఇంటికి తెచ్చి పరీక్షించండి. చీనీ కొమ్మలు ఇరవై కోశాక కాగితం అంచు కోయండి. చింపకుండా కోస్తే అది చాకు. చింపితే అది మెరిసే రేకు.

ఉక్కులోనూ రెండు రకాలు. మామూలు కార్బన్ ఉక్కు తుప్పు పడుతుంది, నిమ్మజాతి రసం తగిలితే నల్లబడుతుంది. కానీ త్వరగా పదునెక్కుతుంది, రాయి మీద మనమే సానపట్టుకోవచ్చు. స్టెయిన్‌లెస్ తుప్పు పట్టదు. అందులో మంచి రకాలూ ఉన్నాయి, కానీ చవకవి త్వరగా మొద్దుబారతాయి. రోజూ తుడిచి నూనె చుక్క వేసే ఓపిక ఉన్నవాళ్లకు కార్బన్ ఉక్కే మేలు.

ఫ్రాన్సులో ఆల్ప్స్ కొండల రైతుల కోసం జోసెఫ్ ఒపినెల్ అనే పనివాడు 1890లో ఒక మడతచాకు చేశాడు. చెక్క పిడి, ఒక బ్లేడు, ఒక రివిట్టు. వేళ్ల మీద మడతపడుతోందని 1955లో దానికి తిప్పితే బిగిసే ఉంగరం పెట్టారు. ఈరోజుకీ అదే చాకు అమ్ముతున్నారు. రైతు చాకు అంటే ఆడంబరం అక్కర్లేదు, వేలు తెగకూడదు, పదును నిలవాలి. అంతే.

కొన్నాక పాడుచేసుకునేది మనమే. కరెంటు సానచక్రం మీద నిప్పురవ్వలు ఎగిరేలా నొక్కిపట్టి సానపట్టిస్తాం. అంచు నీలంగా మారిందంటే ఆ చోట ఉక్కు మెత్తబడినట్టే. ఇక ఎంత సానపట్టినా పదును నిలవదు. నీళ్లు చల్లుతూ, చేతి రాయి మీదే పట్టండి. అంటుకత్తికి చాలావాటికి ఒకవైపే ఏటవాలు ఉంటుంది, రెండోవైపు చదును. ఆ చదునును చదునుగానే ఉంచండి.

ఇంకొక ముఖ్యమైన మాట. ఎక్సోకార్టిస్ అనే వైరాయిడ్ తెగులు కత్తి ద్వారా ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు పాకుతుంది. మనం వాడే రంగపూర్ నిమ్మ వేరుమూలం దానికి తట్టుకోలేదు. మొదలు దగ్గర బెరడు పగిలి పొలుసులుగా లేస్తుంది, చెట్టు గిడసబారుతుంది. స్పిరిట్‌తో తుడిస్తే ఇది పోదు. ఒక పాలు బ్లీచ్ ద్రావణం, తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి, చెట్టు చెట్టుకూ కత్తి ముంచి తీయండి. తర్వాత మంచినీళ్లతో కడిగి, తుడిచి, నూనె రాయండి. కీలు దగ్గర సందులు లేని చాకు కొనమనడానికి ఇదీ ఒక కారణమే. లోపలికి చేరిన రసాన్ని కడగడం ఎవరి తరమూ కాదు.

మిత్రులారా, ఉక్కు మనకు కొత్త కాదు. యూరపువాళ్లు ‘ఊట్జ్’ అని పిలిచిన పేరు మన ఉక్కు మాట నుంచే పోయిందని చెబుతారు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవాళ్లు. మన ఊళ్ల కమ్మరి ఈరోజుకీ లారీ కమాన్ పట్టీని కాల్చి, సాగగొట్టి, నూనెలో ముంచి కొడవలి చేయగలడు. ముంచిన ఉక్కు గాజులా పెళుసుగా ఉంటుంది. మళ్లీ సన్నని వేడి మీద ఎండుగడ్డి రంగు వచ్చేదాకా పెట్టి ఆ పెళుసుదనం తీస్తాడు. ఏ కంపెనీ చాకుకైనా జరగాల్సిన పని ఇదే. తేడా ఒక్కటే, కమ్మరి పని బాగాలేకపోతే మనం కొలిమి దగ్గరికి పోయి అడగగలం.

ఇక జమ్మలమడుగు ఉక్కు సంగతి మీకు తెలుసు. 2007లో ఒకసారి, 2018లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో ఒకసారి శంకుస్థాపన రాళ్లు పడ్డాయి. 2014 విభజన చట్టంలోనూ మన జిల్లా ఉక్కు కర్మాగారం మాట ఉంది. రాళ్లు లేచినంత తేలిగ్గా కొలిమి లేవలేదు. ఆ పోరాటం ఆపే ప్రశ్న లేదు. అది సాగుతుండగానే మన జేబులోని ఉక్కు గురించి మనం చేయగలిగిన పనులు ఉన్నాయి.

ఒకటి, విడివిడిగా కొనడం మానుదాం. గ్రామ కమిటీ ముందు ఒక్క చాకు కొని, నెలరోజులు వాడి చూసి, నచ్చితే అందరికీ కలిపి కొందాం. పాతిక చాకులు ఒకేసారి కొనేవాడి మాట అంగడివాడు వింటాడు, పాడైతే తిరిగి తీసుకుంటాడు. బిల్లు తప్పకుండా తీసుకోండి.

రెండు, సబ్సిడీ మీద పనిముట్లు ఇచ్చేటప్పుడు ముందు నమూనాను రైతుల చేతికి ఇచ్చి పరీక్షించాలని, ఉక్కు రకం, గట్టిదనం పెట్టె మీద అచ్చువేయాలని అడుగుదాం. ఎరువు సంచి మీద నత్రజని శాతం రాసినప్పుడు పనిముట్టు మీద ఉక్కు రకం ఎందుకు రాయకూడదు?

మూడు, ప్రతి మండలంలో మిగిలిన కమ్మరి కొలుముల జాబితా రాసుకుందాం. కొడవళ్లు, కత్తుల పని ముందు వాళ్లకే ఇద్దాం. కొలిమి ఆరిపోయాక అడిగే చోటు కూడా మనకు మిగలదు.

ఇంటికి పోయాక మీ జేబులో ఉన్న చాకు తీసి వెలుతురుకు పట్టండి. ఊపండి, చెవి పెట్టండి, తడమండి, కొమ్మ మీద కోసి చూడండి. వచ్చే సమావేశానికి మంచివీ చెడ్డవీ రెండూ తెండి. బల్లమీద వరసగా పెట్టి అందరం చూద్దాం. బంగారానికి గీటురాయి ఎవరో అంగడివాడి దగ్గర ఉంటుంది. చాకుకు గీటురాయి మాత్రం మన చేతిలోనే ఉంది.