వనభోజనములందు నిప్పు

(బరంపురమున కార్తిక వనభోజన సన్నాహ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ యేడు పొయ్యిలు వద్దనియు, వంటవాండ్రకు చెప్పి యేదేని కల్యాణమండపములో భోజనములు పెట్టించిన చాలుననియు మనలో కొందరి యభిప్రాయము. కారణము మీరెరుగుదురు. గత కార్తికమున గోపాలపురము తీరమున మన పిల్లవానికొకనికి రెండు పాదములును కాలినవి. రెండు మాసములు చెప్పులు తొడుగుకొనలేకపోయినాడు. ఆ బాలుడు మన పొయ్యి దరికి పోలేదు. అంతకుముందు వేరొక జట్టువారు వండుకొని, నిప్పులపై ఇసుక కప్పి వెళ్లిన చోట కాలు పెట్టినాడు. చూచుటకది వట్టి ఇసుక.

భయపడుట సహజమే. కాని పొయ్యి మానివేయుట దానికి మందు కాదని నా మనవి. మన పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుదురు. వీధిలో ఒడియా మాటలాడుదురు. ఉసిరిచెట్టు క్రింద “వదినా, పప్పులో ఉప్పు చూడు” అని అత్తలు, పిన్నమ్మలు పిలుచుకొనునప్పుడు వారికి ఏడాదికొక దినమైనను నిండు తెలుగు వినబడును. మండపములో వరుసగా తిని లేచిపోవుటలో ఆ ముచ్చట యెక్కడ?

కనుక నిప్పును గూర్చియే మాటలాడుదము. నివురుగప్పిన నిప్పని మనుష్యులను గూర్చి చెప్పుకొందుము గాని, అసలు నిప్పు విషయమున ఆ మాట మరచిపోవుదుము. ఇసుక మంటనార్పును, వేడిని మాత్రము లోపల దాచును. రాత్రి కప్పినది తెల్లవారునప్పటికిని పాదమును కాల్చగలదు. నీరే పోయవలయును. ఒక్కమారు పోసి, బుస్సుమన్నది కదాయని వెళ్లరాదు. కర్రతో కలియబెట్టి, కొరకంచులను త్రిప్పి, మరల పోసి, చేతి వెనుకవైపు దగ్గరగా పెట్టి చూడవలయును. వేడి తగులనంతవరకు ఆ పని సాగవలయును. సముద్రపు నీరైనను చాలును.

సరుగుడు తోపులు నీడకు బాగుండును. అయితే క్రింద రాలిన ఎండాకు పరుపువలె నుండును. ఒక్క నిప్పురవ్వ చాలును. పొయ్యి చుట్టు పదియడుగుల మేర ఊడ్చి వట్టినేల కనబడునట్లు చేయవలయును. పైన కొమ్మలుండరాదు. తీరమున ఉదయపు గాలి వేరు, ప్రొద్దెక్కిన పిమ్మట సముద్రము మీదినుండి వీచు గాలి వేరు. ఆ రెండవదానిని తలచుకొనియే చాపలు పరచవలయును.

తప్తపాని కొండలకు పోదమనువారును కలరు. అక్కడి రిజర్వు అడవులలో నిప్పు రాజేయుట 1972 నాటి ఒరిస్సా అటవీ చట్టము ననుసరించి నేరము. చట్టమటుండగా, కొండవాలున ఎండుగడ్డి యంటుకొన్నచో మంట మనిషి పరుగును మించి పైకెగబ్రాకును. తమిళనాడున తేని జిల్లా కురంగణి కొండలలో 2018 మార్చి 11న రేగిన కార్చిచ్చులో ఇరవైమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. అడవికి పోవువారు ఇంట పులిహోర కలుపుకొని పొండు.

బట్టల వర్తకుడను గనుక ఒక మాట. దారము వెలిగించి చూచుట మా వృత్తిలో పరీక్ష. పట్టు మెల్లగా ముడుచుకొని, వెండ్రుకలు కాలిన వాసనవేసి, తరచు తానే ఆరిపోవును. నూలు భగ్గున మండును. పాలియెస్టరు, నైలాను కరగి చర్మమునకంటుకొనును. పట్టుచీరలు అమ్ముకొనుటకిట్లు చెప్పుచున్నానని నవ్వవలదు! పొయ్యివద్ద నూలుచీరయే చాలును, కొంగు మాత్రము నడుమున బిగించి దోపవలయును. బట్ట అంటుకొన్నచో పరుగెత్తరాదు. నేలపై పడి దొర్లవలయును. కాలిన చోట ఇరువది నిమిషములు చన్నీరు ధారగా పోయుడు. మంచుగడ్డ, సిరా, పళ్లపొడి ఏదియు వలదు. అంటుకొన్న గుడ్డను లాగక ఆసుపత్రికి కొనిపొండు.

గారెల మూకుడులో నూనె అంటుకొన్నచో నీరు పోయరాదు. నూనె చిమ్మి మంట మీదికి లేచును. మూత వేసి, మూకుడు కదల్చక విడువుడు. పొగయుచున్న కట్టెలపై కిరసనాయిలు పోయువాని చేతిలోని డబ్బావరకు మంట ప్రాకును. గ్యాసు గాలికంటె బరువైనది గనుక పల్లములో చేరి నిలుచును. సిలిండరును కట్టెపొయ్యికి దూరముగా, నిలువుగా, మెరకనే యుంచవలయును.

ఈసారి ప్రతి పొయ్యికి ఇద్దరు బాధ్యులుండవలయునని నా ప్రతిపాదన. వారు చివరి పంక్తిలో భోజనము చేయుదురు. నీటి పీపాలు రెండు నా బండిలో తెచ్చెదను. బయలుదేరుటకు ముందు మన పొయ్యిలే గాక, దాపున ఇతరులు విడిచిపోయినవానిని కూడ వారు తడిపి రావలయును. పిల్లలను ఆటకు విడుచుటకు ముందే ఒకమారు ఆ చోటులు వెదకుట ఇంకను మంచిది. ఒప్పుకొనువారు సభ ముగియగానే తమ పేర్లు కార్యదర్శిగారికి వ్రాయించవలయునని కోరుచున్నాను.