ఓడ ఆగిన రోజు మనమూ కాస్త ఆగుదాం
(సీనియర్ల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, మిత్రులకు, "నాన్న ఎప్పుడు ముగిస్తాడా" అని వెనక వరుసలో గడియారం చూసుకుంటున్న పిల్లలకు నమస్కారం.

నాకు ముందు మాట్లాడినవారు వీలునామాల గురించి, మెడికేర్ గురించి, షుగరు వ్యాధి గురించి చెప్పారు. అన్నీ మనకు కావలసినవే. మూడూ విన్నాక, మనకింకా కొంత ఆయుష్షు మిగిలే ఉందన్న సంగతి కూడా ఎవరైనా చెబితే బాగుండుననిపించింది. ఆ మిగిలినదాన్ని ఎలా ఖర్చుపెట్టుకోవాలన్నదే నా విషయం. అందులోనూ ఒక చిన్న భాగం మాత్రమే తీసుకుంటాను. క్రూజ్‌కు వెళ్ళినప్పుడు, ఓడ రేవులో ఆగిన రోజును మనలాంటివాళ్ళం ఆయాసపడకుండా ఎలా గడపాలి?

ఇదీ ఒక విషయమేనా అంటారేమో. ఈ హాల్లో అలాస్కా క్రూజ్‌కు వెళ్ళొచ్చినవాళ్ళు చేతులెత్తండి. చూశారా, సగం మందికి పైనే. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ఒకప్పుడు నయాగరా చూపించి పంపేవాళ్ళం. ఇప్పుడు ఆ జాబితాలో అలాస్కా కూడా చేరింది. తాత, కొడుకు, మనవడు మూడు తరాలవాళ్ళూ ఒకే ఓడలో ఉంటారు. సామాను సర్దే పని లేదు, వంట లేదు, అంట్లు లేవు. సముద్రం మీదున్నన్నాళ్ళూ అంతా బాగానే ఉంటుంది. చిక్కంతా ఓడ ఆగినప్పుడే వస్తుంది.

నాకు డెబ్బైనాలుగేళ్ళు. నా మోకాళ్ళలో ఒకటి దేవుడిచ్చింది, రెండోది డాక్టరిచ్చింది. మా ఆవిడా నేనూ మూడుసార్లు ఆ దారిన వెళ్ళాం. కాబట్టి చూసిందే చెబుతాను.

ఓడ రేవులో ఆగిన ఉదయం ఏడు గంటలకల్లా గ్యాంగ్‌వే దగ్గర తిరుమల క్యూలాగా జనం ఉంటారు. పిల్లలు హెలికాప్టరని, జిప్‌లైనని, కయాక్ అని హడావిడి పడుతుంటారు. అప్పుడు మన పెద్దవాళ్ళ నోటి నుంచి ఒక మాట వస్తుంది. "మీరు వెళ్ళిరండమ్మా, నేను గదిలో పడుకుంటాను." ఈ మాటను పిల్లలు బాగా వినాలి. కొందరు నిజంగానే అలసిపోయి అంటారు. వాళ్ళను పడుకోనివ్వండి. కానీ ఎక్కువమంది భయపడి అంటారు. దారిలో బాత్రూమ్ దొరుకుతుందో లేదోనన్న భయం. తమ నడకకోసం అందరూ ఆగాల్సొస్తుందన్న బెరుకు. మనిషికి మూడు నాలుగు వందల డాలర్లంటే, ఆ డబ్బు రూపాయల్లోకి మార్చుకున్నప్పుడు వచ్చే గుండెదడ. ఇవేవీ పైకి చెప్పరు. "పడుకుంటాను" అంటారు. పిల్లలు కూడా సరేనని వెళ్ళిపోతారు. ఆ రోజు పోతే ఆ రేవు మళ్ళీ రాదు.

దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే. ఒక రేవుకు ఒకే పని పెట్టుకోవాలి. ఓడ సాధారణంగా ఎనిమిది నుంచి పది గంటలు ఆగుతుంది. పరుగెత్తేవాళ్ళను ముందు దిగిపోనివ్వండి. మీరు తీరిగ్గా ఇడ్లీ లేని బ్రేక్‌ఫాస్ట్ తిని, మాత్రలు వేసుకుని, పది గంటలకు దిగండి. గ్యాంగ్‌వే ఖాళీగా ఉంటుంది. ఒక చోటు చూసి, ఒక చోట కూర్చుని, భోజనానికి ఓడకు వచ్చేయండి. ఓపికుంటే సాయంత్రం మరో గంట దిగవచ్చు. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఇక ఊరివారీగా చూద్దాం.

ముందు జూనో. అలాస్కా రాజధాని అయినా బయటి ప్రపంచం నుంచి ఆ ఊరికి రోడ్డు లేదు. ఓడలోనో విమానంలోనో రావలసిందే. 2024 నుంచి రోజుకు ఐదు పెద్ద ఓడలకు మించి రాకుండా పరిమితి పెట్టుకున్నారు, అయినా జనం బాగానే ఉంటారు. మన మోకాళ్ళకు అనువైనవి అక్కడ రెండున్నాయి. ఓడరేవు పక్కనే కేబుల్ కారు ఎక్కితే ఆరేడు నిమిషాల్లో మౌంట్ రాబర్ట్స్ మీద 1,800 అడుగుల ఎత్తుకు తీసుకెళుతుంది. పైన కూర్చుని టీ తాగుతూ చూస్తే, మనం దిగివచ్చిన ఓడ కింద అగ్గిపెట్టెంత కనబడుతుంది. రెండోది మెండెన్‌హాల్ గ్లేసియర్. ఊరికి పన్నెండు పదమూడు మైళ్ళు ఉంటుంది, బస్సులో వెళ్ళవచ్చు. అక్కడి విజిటర్ సెంటర్ 1962లో కట్టారు. అమెరికా అటవీశాఖ కట్టిన మొట్టమొదటి విజిటర్ సెంటర్ అది. అద్దాల వెనక వెచ్చగా కూర్చుని మంచునది చూడవచ్చు. ఓపికుంటే ఫోటో పాయింట్ అనే చదునైన దారి ఉంది. అర మైలు కూడా ఉండదు, వీల్‌చెయిర్ కూడా వెళుతుంది. ఆ మంచు ఏటేటా వెనక్కి తగ్గిపోతోంది. మన మనవలు మన వయసుకు వచ్చేసరికి అక్కడినుంచి ఏం కనబడుతుందో తెలియదు. అందుకే మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చూడమంటాను.

ఈ రెండింటికీ ఓపిక లేకపోయినా ఫరవాలేదు. రేవు గట్టు మీదే ఒక కుక్క విగ్రహం ఉంటుంది. దాని పేరు ప్యాట్సీ యాన్. 1930లలో ఆ ఊళ్ళో ఉండేది. పుట్టుచెవిటిదైనా, వచ్చే ఓడను ఎలా పసిగట్టేదోగానీ ప్రతి ఓడకూ ఎదురువెళ్ళేది. 1934లో ఊరి మేయరు దానికి అధికారికంగా స్వాగతం పలికే ఉద్యోగం ఇచ్చాడు. దాని పక్క బెంచీ మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళను చూసినా ఆ పూట దండగ కాదు.

రెండోది స్కాగ్వే. అక్కడ పెద్దవాళ్ళకు రైలే రాజభోగం. 1896లో క్లాండైక్‌లో బంగారం దొరికిందని తెలిసి, తరవాతి రెండేళ్ళలో వేలాదిమంది ఆ కొండల మీదుగా ఎగబడ్డారు. ఒక్కొక్కరూ ఏడాదికి సరిపడా సరుకులు, దాదాపు టన్ను బరువు, తెచ్చుకుంటేగానీ కెనడా పోలీసులు సరిహద్దు దాటనిచ్చేవారు కాదు. వైట్ పాస్ దారిలో ఆ బరువులు మోయలేక సుమారు మూడు వేల గుర్రాలు, కంచరగాడిదలు చచ్చిపోయాయి. 1898లో మొదలుపెట్టి 1900 కల్లా రైలు దారి పూర్తిచేశారు. మూడడుగుల వెడల్పున్న చిన్న పట్టాల మీద ఆ రైలు ఇరవై మైళ్ళలో దాదాపు మూడు వేల అడుగులు ఎక్కుతుంది. పోయిరావడానికి మూడు గంటలలోపే. పెట్టెల్లో టాయిలెట్ ఉంటుంది. వీల్‌చెయిర్ కావాలంటే టికెట్టు కొనేటప్పుడే చెప్పండి. ఎక్కేటప్పుడు ఎడమవైపు కూర్చుంటే లోయలు బాగా కనబడతాయి. రైలు దిగాక, పాత స్టేషన్‌లోనే నేషనల్ పార్క్‌వాళ్ళ విజిటర్ సెంటర్ ఉంది. టికెట్టు లేదు, కూర్చోవడానికి కుర్చీలున్నాయి. ఈ రెండూ ఉన్నచోటు మనలాంటివాళ్ళకు పుణ్యక్షేత్రమే.

మూడోది కెచికాన్. అక్కడ ఏడాదికి సుమారు 150 అంగుళాల వాన పడుతుంది. మన కోస్తా జిల్లాల్లో పడేదానికి మూడింతలు. గొడుగు కంటే తలమీదుగా వేసుకునే రెయిన్‌కోటు మేలు, చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. రేవు నుంచి చదునుగా నడిచి వెళ్ళగలిగినంత దూరంలోనే క్రీక్ స్ట్రీట్. ఏటి మీద కర్రలు పాతి కట్టిన ఇళ్ళు, చెక్క బాట. తడిసిన చెక్క జారుతుంది, జాగ్రత్త. ఆగస్టులో వెళితే ఆ ఏటికి ఎదురీదుతూ సాల్మన్ చేపలు వేలకొద్దీ వస్తాయి.

ఇక్కడ మా అక్కయ్య సంగతి ఒకటి చెప్పాలి. ఆవిడది కోనసీమ. బావగారు పోయిన మరుసటేడు పట్టుబట్టి ఇక్కడికి పిలిపించాం. అప్పటికి ఆవిడకు డెబ్బైఎనిమిది. ఓడలో మూడురోజులూ "నాకెందుకురా ఇవన్నీ" అన్నదే తప్ప గది దాటలేదు. కెచికాన్‌లో పిల్లలంతా వెళ్ళిపోయాక, "పదక్కా, పది నిమిషాలే, నచ్చకపోతే వచ్చేద్దాం" అన్నాను. మెల్లిగా నడిపించి ఏటి వంతెన మీద రెయిలింగ్ పక్కన నిలబెట్టాను. తెచ్చుకున్న మడత కుర్చీ వేశాను. ఆవిడ నీళ్ళలోకి చూసింది. చాలాసేపటికి, "ఒరే తమ్ముడూ, అచ్చం మన పులసలాగే ఎదురీదుతున్నాయిరా" అంది.

అక్కడినుంచి మాట ఆగలేదు. గోదారికి ఎర్రనీరు రాగానే బావగారు తెల్లవారకముందే రేవుకెళ్ళి పులస తెచ్చేవారట. బేరం చెయ్యడం చేతకాక ప్రతిసారీ ఎక్కువే ఇచ్చి వచ్చేవారట. ఇంటికొచ్చి తక్కువ ధర చెప్పేవారట. ఆవిడకు అది తెలుసట, యాభైఏళ్ళూ తెలియనట్టే ఉందట. చెబుతూ నవ్వింది. ఆయన పోయాక నేను ఆ నవ్వు వినడం అదే మొదలు.

"గుడ్లు పెట్టాక ఇవి మళ్ళీ సముద్రానికి పోతాయా?" అని అడిగింది. పోవు, ఇక్కడే చచ్చిపోతాయి అన్నాను. కాసేపు ఊరుకుని, "మన పులస మాత్రం మళ్ళీ వెనక్కి పోతుందిరా" అంది. గంటన్నర కూర్చున్నాం. ఖర్చు రెండు కప్పుల కాఫీ. ఆ ఓడ ప్రయాణంలో మిగిలినదంతా మరిచిపోయిందిగానీ, ఇప్పటికీ ఫోను చేస్తే ఆ వంతెన సంగతి అడుగుతుంది.

సియాటిల్ నుంచి వెళ్ళే ఓడలు సాధారణంగా కెనడాలోని విక్టోరియాలోనూ ఆగుతాయి. ఎందుకో చాలామందికి తెలియదు. 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం, విదేశీ జెండాతో తిరిగే ఓడలు అమెరికా రేవులో ఎక్కించుకుని మళ్ళీ అక్కడే దింపాలంటే మధ్యలో ఒక విదేశీ రేవును తాకాలి. అందుకే ఆఖరి సాయంత్రం కొన్ని గంటలు అక్కడ ఆగడం. చీకటిపడే వేళ దిగి తీరాలని లేదు. ఖాళీ అయిన ఓడలో డెక్ మీద కుర్చీ దొరకడం, లిఫ్టులో మీరొక్కరే ఉండడం కూడా ఒక భోగమే. అయితే ఇండియా పాస్‌పోర్టుతో వచ్చిన అమ్మానాన్నలకు కెనడా వీసా సంగతి, తిరిగి అమెరికాలోకి రావడానికి కావలసిన కాగితాల సంగతి టికెట్టు కొనకముందే కనుక్కోండి. మేం దిగం కదా అంటే చెల్లదు, ఓడ ఆగుతుంది కాబట్టి ఆ నిబంధన అందరికీ వర్తిస్తుంది.

ఇక పెద్దవాళ్ళు గుర్తుపెట్టుకోవలసినవి కొన్ని.

గడియారం ఓడ సమయానికే ఉండాలి. అలాస్కా సమయం సియాటిల్ కంటే ఒక గంట వెనక. సెల్‌ఫోను దానంతటదే మారిపోతుంది, దాన్ని నమ్మకండి. ఓడలో అందరూ ఎక్కవలసిన సమయం బయలుదేరే సమయానికి కనీసం అరగంట ముందుంటుంది. ఓడవాళ్ళు ఏర్పాటుచేసిన టూరు ఆలస్యమైతే సాధారణంగా ఓడ ఆగుతుంది. బయట కొనుక్కున్న టూరైతే ఆగదు. కాబట్టి బయటి టూర్లయితే పొద్దుటివే తీసుకోండి.

ఓడవాళ్ళిచ్చే రోజువారీ కార్యక్రమాల వివరాల్లో రేవులోని ఏజెంటు ఫోను నంబరు ఉంటుంది. అది రాసుకుని జేబులో పెట్టుకోండి. ఓడ పేరు, గది కార్డు, మందుల జాబితా, ఒక పూటకు సరిపడా మాత్రలు, షుగరున్నవాళ్ళకు నాలుగు బిస్కట్లు, మంచినీళ్ళు వెంట ఉండాలి. దిగేముందు బాత్రూమ్‌కు వెళ్ళడం చిన్నపిల్లలకు చెప్పేమాటే, మనకూ వర్తిస్తుంది.

కొన్ని రేవుల్లో ఓడ గట్టుకు చేరదు, చిన్న పడవలోకి దిగాలి. అది ఊగుతుంది. కాళ్ళు వణికేవాళ్ళు ఆ రేవు మానుకున్నా తప్పులేదు. ఏ రేవులో అలా ఆగుతుందో ముందే అడగండి. వీల్‌చెయిర్ అడగడానికి సిగ్గుపడకండి. కళ్ళజోడు పెట్టుకోవడానికి సిగ్గుపడుతున్నామా?

చివరగా పిల్లలకు రెండు మాటలు. టూర్లన్నీ కొనేసి "నాన్నా, మీకూ బుక్ చేశాం" అని చెప్పకండి. నెలముందే ఆ ఊళ్ళ బొమ్మలు చూపించి, "ఇందులో మీకేది చూడాలనుంది?" అని అడగండి. "ఏదైనా ఫరవాలేదు" అంటారు. ఆ జవాబు తీసుకుని వెళ్ళిపోకండి, రెండోరోజు మళ్ళీ అడగండి. ధర మాత్రం చెప్పకండి. నాలుగు రేవుల్లో ఒక్క రేవు వాళ్ళకోసం వదలండి. ఆ రోజు వాళ్ళ నడకే మీ నడక. వాళ్ళు కూర్చున్నచోట మీరూ కూర్చోండి. ఫోను జేబులో పెట్టండి. మా అక్కయ్యలాంటివాళ్ళు మాట్లాడడం మొదలుపెట్టడానికి అరగంట పడుతుంది. ఆ అరగంట మీ దగ్గర లేకపోతే, ఆ కథ మీకు దక్కదు.

పెద్దలారా, మనం కూడా "మీరు వెళ్ళిరండి" అనే మాటను కొంచెం మార్చుకుందాం. "నేనంత దూరం రాలేనుగానీ, ఇంతదూరం వస్తాను" అని నోరు విప్పి చెబుదాం. మన పిల్లలకు మనసు చదివే విద్య రాదు, మనమే నేర్పలేదు.

రాబోయే వేసవిలో ఏ రేవు బెంచీ మీదైనా తెలుగు మాట వినబడితే పలకరించండి. బహుశా అది మేమే అయి ఉంటాం. పక్కన చోటు ఉంటుంది.