రెండు మోతియాలు ఒకటి కావు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను, ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అయినా ఈరోజు కంటి జబ్బు గురించి మాట్లాడతానని కార్యదర్శిగారిని నేనే అడిగాను. కారణం మా అబ్బా.

అబ్బా వించిపేటలో దర్జీ పని చేసేవారు. 60 దాటాక ఎడమకన్ను మసకగా ఉందన్నారు. శుక్లమే అనుకున్నాం. ముదరనిద్దాం, ఎక్కడైనా కంటి క్యాంపు పెట్టినప్పుడు తీయించవచ్చునని రెండేళ్లు ఊరుకున్నాం. గడప తట్టుకునేవారు, పక్కనుంచి వచ్చే సైకిలు కనబడేది కాదు. కాని సూదిలో దారం మాత్రం తానే ఎక్కించుకునేవారు! అందుకే మాకు అనుమానం రాలేదు. చివరకు డాక్టరుగారు చూసి, ఇది శుక్లం కాదు, నీటికాసులు అన్నారు. అప్పటికే ఎడమకన్ను పోయింది. కుడికంట మిగిలింది కొంతే.

మన ఇళ్లలో శుక్లాన్ని సఫేద్ మోతియా అని, నీటికాసుల్ని కాలా మోతియా అని అంటాం. పేర్లు అన్నదమ్ముల్లా ఉన్నాయి, మోసమంతా అక్కడే. సఫేద్ మోతియాలో కంటి లోపలి కటకం తెల్లబడుతుంది, ఆపరేషను చేస్తే సాధారణంగా చూపు తిరిగి వస్తుంది. కాలా మోతియాలో కంటినుంచి మెదడుకు పోయే నరం దెబ్బతింటుంది. ఆ నరంలో సుమారు 10 లక్షల పోగులుంటాయట. చచ్చిన పోగు మళ్లీ బతకదు. ముందు పక్కచూపు పోతుంది, నడిమి చూపు ఆఖరున పోతుంది. సూదిలో దారం కథ అదే.

మనం డెల్టావాళ్లం, నీటి సంగతి మనకు చెప్పనక్కరలేదు. చేలోకి వచ్చిన నీరు మురుగుకాలువకు పోవాలి. పోయే దారి లేకపోతే ఏమవుతుందో 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వారు చూశారు. కన్ను లోపల కూడా నిత్యం ఒక నీరు ఊరుతుంది (కన్నీరు వేరు, ఇది వేరు). అది బయటికి పోయే సన్నదారి మూసుకుపోతే ప్రెషర్ పెరిగి నరాన్ని నొక్కుతుంది. మామూలుగా ఇది 10 నుంచి 21 వరకు ఉంటుంది. 21 లోపున్నా నరం పాడయ్యేవాళ్లు ఉన్నారు గనుక ప్రెషర్ ఒక్కటే చూసి వచ్చేస్తే చాలదు, కంటి నరాన్నీ చూడమనాలి.

కొందరికి ఈ దారి ఒక్కసారిగా మూసుకుపోతుంది. కన్ను ఎర్రబడి, భరించలేని తలనొప్పి, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు. పైత్యమని నిమ్మరసం తాగి పడుకోకండి, ఆ పూటే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఎక్కువమందికి మాత్రం నొప్పీ ఉండదు, ఎరుపూ ఉండదు. 1990లలో ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థవారు హైదరాబాదు నగరంలో సర్వే చేస్తే, ఈ నొప్పి లేని రకం ఉన్నవారిలో నూటికి 90 మందికి పైగా తమకు జబ్బున్నట్టే తెలియదని తేలింది. ఆ సంస్థ ఆసుపత్రి ఇప్పుడు మన తాడిగడపలోనే ఉంది.

ఇంకొక మాట. కన్ను ఎర్రబడితే మందుల షాపులో అడిగి చుక్కలు తెచ్చుకుంటాం. వాటిలో స్టెరాయిడ్ ఉంటే, నెలల తరబడి వాడితే, అవే ఈ జబ్బు తెచ్చిపెట్టగలవు. సుర్మా పెట్టుకునేవారు పెట్టుకోండి, కాని అది దీనికి మందు కాదు.

అబ్బాకు రోజూ వేసుకోమని చుక్కలు రాశారు. వేసినా చూపు పెరగలేదని ఆయన విసుక్కునేవారు. ఆ చుక్కలు ఉన్న చూపును కాపాడటానికే గాని పోయినదాన్ని తేవటానికి కాదని మాకు సరిగ్గా అర్థం కాలేదు. రంజాన్ రాగానే రోజా చెడుతుందని నెలంతా మానేశారు. ఈద్ తర్వాత వెళితే కుడికన్ను ఇంకా తగ్గింది. జిద్దాలోని ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1997లోనే, గొంతులోకి దిగినదాన్ని మింగకుండా ఉంటే కంటి చుక్కలతో రోజా చెడదని తీర్మానించింది. మనసొప్పకపోతే మీ మౌలానాగారిని అడగండి. సహరీకి ముందూ ఇఫ్తార్ తర్వాతా వేసుకునేలా వేళలు మార్చమని డాక్టరుగారినీ అడగండి. మానటం మాత్రం వద్దు. వేసుకున్నాక కన్ను మూసి ముక్కువైపు మూలను రెండు నిమిషాలు వేలితో నొక్కితే మందు గొంతులోకి దిగటం తగ్గుతుంది. ఉబ్బసం ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి, కొన్ని చుక్కలు వారికి పడవు.

ఇది రక్తసంబంధీకులకు వచ్చే అవకాశం ఎక్కువ. అందుకని మేం నలుగురం తోబుట్టువులం పరీక్షకు వెళ్లాలనుకున్నాం. భాయిజాన్‌కు ఏమీ లేదన్నారు. ఆపాకు నీరు పోయే దారి ఇరుకుగా ఉందని లేజర్‌తో చిన్న రంధ్రం చేశారు, పావుగంట పని. నాకు 46 ఏళ్లు, జబ్బు మొదలైందన్నారు. రాత్రి పడుకోబోయే ముందు ఒక్కొక్క చుక్క వేసుకుంటున్నాను, మా అమ్మాయి గుర్తుచేస్తుంది. అవనిగడ్డలో ఉన్న మా చెల్లెలు మాత్రం ఇంకా రాలేదు. ఫోను చేస్తే "నాకేం భయ్యా, సూదిలో దారం ఎక్కిస్తున్నాను గదా" అంటున్నది. వచ్చే ఆదివారం నేనే బస్సెక్కి వెళ్లి తీసుకొస్తాను.