కోడి ఆగదు, కాగితం కదలదు
(కోళ్ల రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో బర్డ్‌ఫ్లూ తేలినప్పుడు మనందరికీ ఒకటే సందేహం వచ్చింది. రాత్రి మేత తిన్న కోడి పొద్దున్నకి చచ్చి పడి ఉంటుంది. అదే వైరస్ సోకిన బాతు చాలాసార్లు ఏమీ ఎరగనట్టు కోసిన చేలో నత్తలు ఏరుకుంటూ తిరుగుతుంది. ఎందుకిలా?

షెడ్డు శుభ్రంగా ఉంచలేదని రైతునే తప్పుపట్టినవాళ్లున్నారు. శుభ్రత వైరస్ షెడ్డులోకి రాకుండా చూస్తుంది, నిజమే. కాని వచ్చాక ఏ పక్షి బతుకుతుందో తేల్చేది దాని ఒళ్లు.

ఏ జీవికైనా టీకాతో పనిలేకుండా పుట్టుకతో వచ్చే కాపలా ఉంటుంది. వైరస్ కణంలో దూరగానే ఆనవాలు పట్టి అలారం మోగించే ప్రొటీన్లు ఉంటాయి. ఫ్లూ వైరస్‌ను పసిగట్టడంలో ముఖ్యమైనది రిగ్-వన్. బాతుకి అది ఉంది, కోడికి ఆ జన్యువే లేదు. కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు మరికొందరితో కలిసి 2010లో ఈ సంగతి ప్రకటించారు. బాతు జన్యువును కోడి కణాల్లో పెట్టి చూస్తే వైరస్ పెరుగుదల తగ్గింది.

కోడికి కాపలా బొత్తిగా లేదని కాదు, వేరే ప్రొటీన్లు కొంత పనిచేస్తాయి. కాని తొలి గంటల్లో అలారం గట్టిగా మోగదు. ఆలోగా హెచ్5ఎన్1 రక్తనాళాల లోపలి పొరకు పాకుతుంది. క్రిములను మింగి చంపాల్సిన మాక్రోఫేజ్ కణాల్లోనే చేరుతుంది. అప్పుడు ఒళ్లు అదుపు తప్పి వాపు పుట్టించే రసాయనాలు వదులుతుంది. దొంగ మీద విసిరిన కర్ర ఇంట్లోవాళ్లకే తగిలినట్టు. తురాయి నీలమెక్కడం, తల వాయడం, కాళ్ల మీద రక్తపు మచ్చలు, ఇవన్నీ రక్తనాళాలు చెడిన గుర్తులే. చాలా కోళ్లు 48 గంటల్లోపే పోతాయి.

బాతు బతకడం మనకు పూర్తిగా మేలు కాదు. జబ్బు కనబడకుండానే అది రెట్టలో వైరస్ వదులుతుంది. అలాగని కొల్లేరు పక్క బాతులు తోలుకునేవాళ్లను తిట్టుకుంటే ఏమొస్తుంది? వాళ్లూ మనలాంటివాళ్లే. బాతుల గుంపులకూ క్రమం తప్పకుండా పరీక్షలు చెయ్యమని అడుగుదాం.

ఇక డబ్బుల సంగతి. నమూనాలు భోపాల్ ప్రయోగశాలకు వెళ్లి, అక్కడ వ్యాధి ఖాయమయ్యాక, కిలోమీటరు పరిధిలో కోళ్లను చంపి పూడుస్తారు. పరిహారం అలా చంపిన వాటికే. ఈలోగా జబ్బుతో చచ్చినవాటికి పైసా లేదు. రెండు రోజుల్లో రాలిపోయే పక్షిని పెట్టుకుని, భోపాల్ కాగితం వచ్చేదాకా ఎన్ని మిగిలితే అన్నింటికే ఇస్తామంటే ఏం న్యాయం? పైగా ఇలాంటి లెక్క వల్లే, అనుమానం రాగానే కబురు చెయ్యకుండా బ్యాచ్‌ను తెగనమ్ముకోవాలన్న ఆశ పుడుతుంది. కబురు చేసిన రోజున షెడ్డులో ఉన్న కోళ్లన్నిటికీ, తర్వాత చచ్చినా సరే, పరిహారం కట్టాలని మనం అడుగుతున్నాం. కంపెనీ కోళ్లు పెంచే రైతుకి పక్షి తనది కాదు. అతనికి షెడ్డు ఖాళీగా ఉన్న నెలలకు గ్రోయింగ్ ఛార్జీ ఇవ్వాలి.

అందాకా మనం చెయ్యాల్సింది ఒకటుంది. చావులు ఉన్నట్టుండి పెరిగితే ఆ రోజే చచ్చినవెన్ని, బతికున్నవెన్ని లెక్క రాసి పశువైద్యాధికారికి కాగితం ఇవ్వండి. అందినట్టు తేదీతో సంతకం తీసుకోండి. చచ్చిన కోళ్లను కాలవలో వెయ్యకండి, వట్టి చేతులతో ముట్టుకోకండి. ఆ కాగితం నకలు సంఘం ఆఫీసుకు పంపండి.