సూచీ వెనకున్న లెక్క



ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది బ్యాంకుల్లో, మ్యూచువల్ ఫండ్ కంపెనీల్లో, బ్రోకరేజీ సంస్థల్లో చేరబోతున్నారు. ఇకమీదట చుట్టాలూ పక్కాలూ కనిపించినప్పుడల్లా మిమ్మల్ని అడుగుతారు, "మార్కెట్ ఎలా ఉంది?" అని. మీరు సెన్సెక్స్ అంకె చెబుతారు. ఆ అంకె ఎలా తయారైందో, అందులో ఏది లేదో కూడా వాళ్లకు చెప్పాలని అడగడానికే ఈ రోజు మీ ముందుకు వచ్చాను.

1978-79ని ఆధార సంవత్సరంగా పెట్టుకుని, 100తో మొదలైన సెన్సెక్స్ 2024 జులైలో 80,000 దాటింది. ఎనిమిది వందల రెట్లు! వినగానే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ ఆ ప్రయాణం పొడుగునా సూచీలో అవే 30 కంపెనీలు లేవు. 2009 జనవరి 7న మన హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు, లేని డబ్బును ఖాతాల్లో ఉన్నట్టు చూపామని లేఖ రాశారు. ఆ ఒక్క రోజులోనే షేరు విలువలో మూడొంతులకు పైగా ఆవిరైంది. వారం తిరక్కుండా సెన్సెక్స్, నిఫ్టీ సూచీలు రెండింటి నుంచీ సత్యం కంపెనీని తీసేశారు. సెన్సెక్స్‌లో ఆ చోటు సన్ ఫార్మాకు దక్కింది. సూచీ తన దారిన తాను నడిచింది. పిల్ల పెళ్లికని ఆ షేర్లు దాచుకున్న ఇంట్లో మాత్రం వాటి స్థానంలోకి ఇంకేదీ వచ్చి చేరలేదు. సూచీ చేసింది తప్పని నేననను, నిబంధన ప్రకారమే చేసింది. పడిపోయినవాటిని వదిలి నిలబడినవాటితో సాగడమే దాని పద్ధతి. అందుకే ఒకటి రెండు షేర్లు కొనుక్కున్న మనిషికి సెన్సెక్స్ పెరుగుదల చూపించి ధైర్యం చెప్పకండి.

రాబడి సంగతికొస్తే, టీవీ తెర కింద పరుగెత్తే సెన్సెక్స్, నిఫ్టీ అంకెల్లో డివిడెండ్లు ఉండవు. డివిడెండ్లను తిరిగి పెట్టుబడిగా పెట్టినట్టు లెక్కించే సూచీ వేరే ఉంది, టోటల్ రిటర్న్ ఇండెక్స్. ఏటా 12 శాతం చొప్పున పెరిగితే లక్ష రూపాయలు 25 ఏళ్లలో 17 లక్షలవుతాయి. డివిడెండ్లు కలిసి అది 13 శాతమైతే 21 లక్షలు దాటుతాయి. ఒక్క శాతం అంత పని చేస్తుంది. డివిడెండ్లు లేని సూచీతో పోల్చుకుని తన పనితనం చాటుకునే ఫండ్ మేనేజరుకు ఆ పోలిక చాలా సులువైన పరీక్షగా ఉండేది. 2018 ఫిబ్రవరి నుంచి ఫండ్లన్నీ టోటల్ రిటర్న్ సూచీతోనే పోల్చుకోవాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన తెచ్చింది. ఎప్పుడో రావాల్సిన నిబంధన అది. వార్తా చానళ్లు కూడా ఆ అంకెనే చూపిస్తే బాగుంటుందని నా అభిప్రాయం.

ఎప్పుడు మొదలుపెట్టామన్నదీ ముఖ్యమే. 1989 డిసెంబరు చివరి రోజుల్లో జపాన్ నిక్కీ సూచీ 38,915 దగ్గర ముగిసింది. మళ్లీ ఆ ఎత్తును దాటింది 2024 ఫిబ్రవరిలో. "దీర్ఘకాలంలో నష్టం రాదు" అని కస్టమరుకు హామీ ఇచ్చే ముందు ఆ 34 ఏళ్లను గుర్తుచేసుకోండి.

ఇక భయం. నిఫ్టీ ఆప్షన్ల ధరల నుంచి లెక్కగట్టే ఇండియా విక్స్, రాబోయే 30 రోజుల్లో ఎంత ఊగిసలాటను మార్కెట్ ఊహిస్తోందో వార్షిక శాతంలో చెబుతుంది. విక్స్ 15 ఉంటే, నెలలో నిఫ్టీ అటో ఇటో 4 శాతం పైచిలుకు కదలొచ్చని మార్కెట్ అంచనా. అటా ఇటా అన్నది మాత్రం అది చెప్పదు. 2020 మార్చి 23న సెన్సెక్స్ 13 శాతం కుప్పకూలి 26,000 దిగువకు చేరింది. విక్స్ ఆ రోజుల్లోనే 80 దాటింది. పది నెలలకు, 2021 జనవరిలో, సెన్సెక్స్ 50,000ను తాకింది. ఆ పతనంలో అమ్ముకున్నవాళ్లలో ఎక్కువమంది డబ్బు అవసరమై అమ్ముకున్నారో, అంకె చూసి అమ్ముకున్నారో ఏ సూచీ చెప్పదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది మరొకటి. కొలవడానికి పుట్టిన సూచీ మీదే ఇప్పుడు పందేలు సాగుతున్నాయి. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో ట్రేడింగ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని సెబీ అధ్యయనం తేల్చింది. పోయిన మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైమాటే. ఆ ట్రేడింగ్‌లో పెద్ద వాటా సూచీ ఆప్షన్లదే. మీ వయసువాళ్లే, మొదటి జీతాన్ని, కొందరైతే అప్పు తెచ్చిన డబ్బునూ, వారం వారం గడువు ముగిసే ఆప్షన్లలో పెడుతున్నారు.

మీలో కొందరికి ఆ ఆప్షన్ ఖాతాలు తెరిపించే ఉద్యోగమే దొరుకుతుంది. ట్రేడింగ్ యాప్‌లో లాగిన్ కాగానే, పది మందిలో తొమ్మిది మంది నష్టపోతున్నారన్న హెచ్చరిక కనిపించాలని సెబీ 2023లోనే ఆదేశించింది. జనం దాన్ని చదవకుండానే వేలితో నొక్కి దాటేస్తారు. ఎదురుగా కూర్చున్న మనిషికి దాన్ని తెలుగులో, అర్థమయ్యేదాకా మీరే చెప్పండి. ఆ నెల కమీషన్ తగ్గినా సరే.