చిత్రరచనము – వర్తకము
(సంఘ వార్షిక మహాసభయందు చదువబడిన యుపన్యాసము)



ముప్పదియైదేండ్లు సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గొన్న యుపాధ్యాయుడు వర్తకమును గూర్చి ప్రసంగించుట మీలో గొందరకు వింతగ దోచవచ్చును. కాని నా పూర్వశిష్యుడొకడు విజయవాడలో మువ్వురు పనివారితో నొక చిన్న చిత్రకార్యశాలను నడుపుచున్నాడు. అంగళ్లకు ముద్రలు, డబ్బాలకు లేబుళ్లు, పుస్తకములకు ముఖపత్రములు, ఫోనులలో జూచు ప్రకటనలు – ఇవి వారి పనులు. లోకము దీనిని గ్రాఫిక్ డిజైనని పిలుచుచున్నది. రెండేండ్లనుండి సాయంకాలములందు నేనచటికి బోయి తెలుగు ప్రూఫులను దిద్దుచున్నాను. అచట గన్నవియు విన్నవియు నీ యుపన్యాసమునకు మూలధనము. ఈ సభలో నిట్టి పనులను జేయించుకొను వర్తకులు గలరు. చేయు యువకులును గలరు. ఉభయులకును మనవి చేయవలసిన మాటలున్నవి. వర్తకులకే కొంచె మెక్కువ.

అంగడిముద్ర యనగా నలంకారమని మనవారి తలంపు. అది యలంకారము కాదు, గుర్తు. ఇంగ్లండులో 1876 జనవరి 1వ తేదీన మొట్టమొదట నమోదైన వ్యాపారచిహ్నము బాస్ అను బీరు కంపెనీవారి యెఱ్ఱ త్రిభుజము. (మద్యమును నేను మెచ్చువాడను గాను, త్రిభుజమును మాత్రమే మెచ్చుచున్నాను.) అందు జిత్రకారుని హస్తకౌశల మేమియు గానరాదు, రంగు పూసిన మూడు భుజములు మాత్రమే. అయినను 1882లో మానే యను ఫ్రెంచి చిత్రకారుడు పారిసు నగరమందలి పానశాలను జిత్రించినపుడు బల్లమీది సీసాలపై నా త్రిభుజము చూచువారికి స్పష్టముగ గనబడుచున్నది. అక్షరములు రానివాడును, ఆంగ్లము తెలియనివాడును దాని నడిగి కొనగలడు.

అంతదూర మేల? కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో స్థాపించిన అమృతాంజనమును మన పెద్దలు పసుపుపచ్చని రంగునుబట్టియే గుర్తించుచుండిరి. ఆ మందు గడించిన ధనమే 1908లో ఆంధ్రపత్రికకును, 1924లో భారతికిని ఆధారమయ్యెను. ఒక రంగును మార్పక పట్టుకొని యుండుట యెంతటి వర్తకమో దీనిచే గ్రహింపవచ్చును. మనలో బెక్కుమంది యేటేట సంక్రాంతికి బోర్డు రంగు మార్చి, పాత ఖాతాదారులు రాకుండుటకు గ్రహచారమును నిందించుచుందురు.

కార్యశాలలో నేను మొదట గమనించిన వింత యేమనగా, పని యడుగవచ్చినవానితో మొదటినాడు వారు పెన్సిలు ముట్టరు. ప్రశ్నించుచు గూర్చుందురు. నీ సరకు నెవరు కొందురు? బోర్డును నడుచువారు చూతురా, బస్సులో బోవువారు చూతురా? రాత్రి దీపమున్నదా? ఈ ముద్రయే రసీదుపై నంగుళమంత చిన్నదియై, నల్లసిరాతో నచ్చయినపుడు కనబడవలెనా? విష్ణుధర్మోత్తరమందలి చిత్రసూత్రమున వజ్రుడను రాజు ప్రతిమాలక్షణమును దెలుపుమని మార్కండేయు నడుగగా, ముందు చిత్రము దెలియవలెననియు, దానికి నృత్తము, నృత్తమునకు వాద్యము, వాద్యమునకు గీతము దెలియవలెననియు నమ్ముని యాతని వెనుకవెనుకకు గొనిపోవును. నా శిష్యుడాగ్రంథమును జదివినవాడు గాడు. అయినను ముద్ర యడిగినవానిని సరకునకు, సరకునుండి కొనువానికి, వానినుండి కొనువాని యింటికి గొనిపోవుచుండును.

పచ్చళ్ల వర్తకు డొక్కడు వచ్చి తన డబ్బాలపై మామిడికాయ బొమ్మ వేయుమని యడిగెను. ప్రశ్నింపగా దేలిన దేమనగా, వాని సరకులో బెద్దభాగము విదేశములలోని బిడ్డలకు దల్లిదండ్రులు పంపునది. మూత బిగువులేమిచే నూనె కారి, లేబులు తడిసి, బరువును దేదియు జదువరాకుండ బోవుచున్నవి. నా శిష్యుడు ముందు మూతను మార్పుమనియు, నూనె నంటని కాగితము వాడుమనియు జెప్పెను. మామిడికాయ పిమ్మట వచ్చెను. బిల్లును జూచి యా వర్తకుడు, ‘‘బొమ్మకు డబ్బిత్తును గాని, మూత మార్పుమన్న మాటకు డబ్బేల?’’ యనెను. నేనా ప్రక్కగదిలో బ్రూఫులు దిద్దుచుంటిని. వైద్యుడు మందు వ్రాసిన చీటీకి గాగితపు వెల మాత్రమే యిత్తుమా? ఈ వృత్తియందు విక్రయింపబడునది గీత కాదు; ఏ గీత గీయవలెనో, ఏది గీయరాదో యను నిర్ణయము.

అట్టి నిర్ణయ మెంతకాల ముండునో యొక యుదాహరణము. లండనులో భూగర్భ రైళ్ల సంస్థయందు న్యాయశాస్త్రము చదివిన ఫ్రాంక్ పిక్ అను నుద్యోగి యుండెను. స్టేషను పేర్లు ప్రకటనల గుంపులో గలిసిపోవుచుండుట జూచి, 1913లో నెడ్వర్డు జాన్‌స్టన్ అను నక్షరలేఖనోపాధ్యాయునకు బ్రత్యేకాక్షరముల బనిని నొప్పగించెను. 1916లో నవి వాడుకకు వచ్చినవి. 1979లోను, 2016లోను గొంత సవరింపబడి నేటికిని నా నగర మందలి ప్రయాణికులకు దారి చూపుచున్నవి. ఇందు జాన్‌స్టనెంత ఘనుడో, తగినవానిని వెదకి పని నిచ్చిన పిక్ అంత ఘనుడు. అట్టి యజమానులు మనకు గొఱవడుచున్నారు.

తెలుగక్షరముల సంగతి చెప్పక విడువజాలను. నా ప్రాణ మచట నున్నది. ఆంగ్లాక్షరములకు దీసిన కొలతతో బోర్డును గోసి, తరువాత దెలుగును దానిలో నిఱికించుచున్నారు. మన లిపికి వత్తులు క్రిందికి దిగును, గుడులు పైకి లేచును. ‘‘స్త్రీ’’ యని వ్రాయుటకు గావలసిన చోటు ‘‘గద’’ యని వ్రాయుటకు గావలసిన చోటు గాదు. చోటు చాలనిచో వత్తు కాలు విరిచి పై హల్లునకు గుడ్డిగ నంటగట్టుచున్నారు. వరుసల నడుమ జోటు వదలుట డబ్బు దండుగయని తలంచు వర్తకుడు, తన పేరును చదువనీయని బోర్డునకు డబ్బిచ్చుచున్నాడు. బాపుగారి (1933–2014) చేతివ్రాత శుభలేఖలమీదికి బాకినదనిన, అందు వత్తు తన యిచ్చవచ్చినట్లు సంచరించుటకు జోటున్నదిగదా!

ఇక వెల. ‘‘చిన్నబొమ్మ, గంటపని’’ యనుట మన యంగళ్లలో వాడుక. లెక్క వేసి చూతము. మువ్వురకు దలకు 40,000 రూపాయల వంతున జీతము 1,20,000. అద్దె, విద్యుత్తు, యంత్రములు, వాని చందాలు 40,000 అనుకొందము. మొత్తము 1,60,000. మువ్వురు నెలకు 25 దినములు, దినమున కెనిమిది గంటలు పనిచేసిన 600 గంటలు. అందు సగము మాటలకును, ధరల యుత్తరములకును, బాకీలు వసూలుచేయుటకును బోవును. మిగిలిన 300 గంటలకు బంచిన, లాభము సంగతి యటుండగా, గంటకు 530 రూపాయలకు బైన బడుచున్నది. బాకీల వసూలునకు బోవు గంటలలో మనవారి వాటా యెంతయో నేను చెప్పను.

1971లో అమెరికాలో గారొలిన్ డేవిడ్‌సన్ అను విద్యార్థిని 35 డాలర్లకు నైకీ కంపెనీ ముద్రను గీసి యిచ్చెను. ఈ కథను నాకు జెప్పిన వర్తకులు పెక్కుమంది. 1983లో నా కంపెనీవారామెను బిలిచి యుంగరమును, వాటాలను నొసంగిరని చెప్పినవాని నింకను జూడలేదు. 1986లో స్టీవ్ జాబ్స్ తన క్రొత్త కంపెనీ నెక్స్ట్‌కు ముద్ర గావలెనని పాల్ రాండును గోరగా, అతడు లక్షడాలర్ల వెల చెప్పెను. పెక్కు నమూనాలు చూపుటకు నిరాకరించెను. నచ్చక వాడకున్నను వెల చెల్లవలె ననెను. ఒక్క చిత్రము, దాని హేతువులను వివరించు చిన్నపుస్తకము నిచ్చెను. మన యువకులందఱు రాండులు గారు; కాని పది నమూనాలు చూపువాడు తన కేది సరియో తెలియదని తానే యొప్పుకొనుచున్నాడు.

పోటీల మాట. 2009లో రూపాయి చిహ్నమునకు భారతప్రభుత్వము పోటీ పెట్టగా మూడువేలకు బైగా జిత్రములు వచ్చెను. ఉదయకుమారుని చిత్రమునకు గెలుపు గలిగెను. దేశమంతటికి జెందు చిహ్నమునకు దేశమంతయు బోటీపడుట యొప్పును. ఒక వీధిలోని వస్త్రదుకాణమునకు బదిమందిచే నుచితముగ గీయించుకొనుట యొప్పదు. ఒకరు నా శిష్యునిచే నాఱు చిత్రములు గీయించుకొని, ‘‘పిమ్మట జూతము’’ అనిరి. నెల దిరుగకమున్నే మూడవ చిత్రము రంగు మాత్రము మారి దుకాణముపై వెలసెను. యువకులారా, 1957 నాటి కాపీరైటు చట్టమున హక్కుల బదలాయింపు వ్రాతమూలకముగ నుండవలెనని యున్నది. సగము వెల ముందు గొనుడు. ఎన్నిమారులు సవరింతురో వ్రాసికొనుడు. హక్కు కడపటి రూపాయితో మాత్రమే చేతులు మారునని వ్రాసికొనుడు. ఇది దురాశ కాదు. మీరును నన్యుల చిత్రములను దొంగిలి రంగు మార్పకుడు. కల్తీనేతికి గోవు బొమ్మ వేయకుడు.

వాక్యము చెప్పినంతనే బొమ్మ గీయు యంత్రములిప్పుడు వచ్చినవి. ఇక చిత్రకారులెందులకని కొందరడుగుచున్నారు. అవి మామిడికాయను జక్కగ గీయును. మూత కారుచున్నదని యజమానుడే చెప్పనపుడు దానికెట్లు తెలియును? ఆ పచ్చళ్ల వర్తకుడు తానై చెప్పలేదు; డబ్బాను జేత బట్టుకొనిన నా శిష్యుని వ్రేళ్లకు నూనె యంటినందున దెలిసినది.

మన విద్యార్థివసతిగృహమునకు గ్రొత్తముద్ర గావలెననియు, దానికి బోటీ ప్రకటింపవలెననియు గార్యవర్గమువా రాలోచించుచున్నట్లు వింటిని. నా మనవి యేమనగా, పోటీ వలదు. మన యువకులు పూర్వము చేసిన పనులను జూచి యొక్కరిని నియమింపుడు. నా శిష్యుని పేరు నేను చెప్పుట లేదు. సగము వెల ముందిండు. సవరణలు చెప్పుటకు గార్యవర్గమున నొక్కరిని మాత్రమే నిలుపుడు. ఇరువదియొక్కరు చెప్పినచో నిరువదియొక్క రంగులు వచ్చును. వసతిగృహము పేరులో ‘‘విద్యార్థి’’ శబ్దమందలి వత్తునకును రేఫమునకును దగిన చోటు విడువబడెనో లేదో చూచుటకు నేను సిద్ధముగ నున్నాను; ఆ పనికి నాకు బింఛను వచ్చుచున్నది.