అంకెకు అందని యోగ్యత
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదేండ్ల చరిత్ర గల ఈ విద్యాలయం నుండి ఎందరో విద్యార్థులు మార్కుల పట్టికలు అందుకొని వెళ్లారు. ఆ పట్టికలోని అంకె విద్యార్థిని గూర్చి కొంత చెబుతుంది, అంతా చెప్పదు. చెప్పని ఆ భాగాన్ని ఎవరు, ఏ విధంగా తూచాలన్న ప్రశ్న అమెరికా విశ్వవిద్యాలయాలను శతాబ్ద కాలంగా వేధిస్తూ ఉన్నది. తెలుగు బిడ్డలు అనేకులు ఉన్నత విద్యకై ఆ దేశానికి వెళ్తున్నందున ఆ ప్రశ్న ఈ సభకూ సంబంధించినదే.

భారతదేశంలో వృత్తి విద్యా ప్రవేశాలకు ప్రధానంగా ర్యాంకే ఆధారం. అమెరికాలో పిహెచ్.డి. వంటి ప్రవేశాలను సాధారణంగా ఆయా శాఖల ఆచార్యుల సంఘమే నిర్ణయిస్తుంది. మార్కులతో పాటు అభ్యర్థి తన లక్ష్యాన్ని వివరిస్తూ వ్రాసిన వ్యాసం, అతనిని ఎరిగిన అధ్యాపకుల సిఫారసు లేఖలు, పరిశోధనానుభవం, ఇవన్నీ కలిపి చూస్తారు. దీనినే సమగ్ర పరిశీలన అంటారు. జి.ఆర్.ఇ. పరీక్షను నిర్వహించే ఇ.టి.ఎస్. సంస్థ సైతం, ఒక్క ఆ పరీక్ష మార్కునే హద్దుగా పెట్టి ఎవరినీ తిరస్కరించరాదని సూచిస్తున్నది.

అయితే ఆచరణ వేరు. జూలీ పోసెల్ట్ అనే విదుషి పది పిహెచ్.డి. శాఖల ప్రవేశ విధానాన్ని దగ్గరగా పరిశీలించి 2016లో ఒక గ్రంథం ప్రకటించారు. దరఖాస్తులు కుప్పలుగా వచ్చిపడినపుడు మొదటి వడపోతలో ఆచార్యులు పరీక్ష మార్కులనూ, చదివిన కళాశాల ప్రతిష్ఠనూ ఎక్కువగా ఆశ్రయిస్తారనీ, వైవిధ్యాన్ని గూర్చిన ఆలోచన తరువాతి దశలోనే ప్రవేశిస్తుందనీ ఆ గ్రంథం చూపింది. పేరులేని కళాశాలలో చదివిన ప్రతిభావంతుడు ఆ జల్లెడలోనే జారిపోయే ప్రమాదం ఉన్నది.

వైవిధ్యం అనే భావానికి అక్కడి న్యాయస్థానంలో స్థానం దొరికినది 1978లో. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వైద్య కళాశాల 100 సీట్లలో 16 సీట్లను అల్పసంఖ్యాక వర్గాలకు ప్రత్యేకించింది. అలన్ బాకీ అనే శ్వేతజాతి అభ్యర్థి దావా వేయగా, అట్టి కేటాయింపు చెల్లదనీ, జాతిని అనేక అంశాలలో ఒకటిగా మాత్రం గణించవచ్చుననీ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2003లో మిచిగాన్ విశ్వవిద్యాలయం విషయమై రెండు తీర్పులు వెలువడ్డాయి. డిగ్రీ ప్రవేశాలలో 150 పాయింట్ల పట్టికపై కొన్ని వర్గాలకు యాంత్రికంగా 20 పాయింట్లు కలపడం చెల్లదన్నారు. ఒక్కొక్క దరఖాస్తునూ విడిగా, సమగ్రంగా చదివే న్యాయ కళాశాల పద్ధతి చెల్లుతుందన్నారు. 2023 జూన్ 29న హార్వర్డ్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల కేసులలో జాతిని బట్టి ప్రవేశమిచ్చే విధానాన్నే ఆ న్యాయస్థానం కొట్టివేసింది. అయినా, జాతి తన జీవితాన్ని ఎట్లు ప్రభావితం చేసినదో అభ్యర్థి వ్రాసుకొంటే, అందులో కనిపించే ధైర్యాన్నీ దీక్షనూ ఆ వ్యక్తి గుణాలుగా పరిగణించడానికి అడ్డులేదని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ పేర్కొన్నారు.

సమగ్ర పరిశీలనకు మరొక ముఖం కూడా ఉన్నది. 1920లలో హార్వర్డ్‌లో యూదు విద్యార్థుల సంఖ్య పెరగడం సహించలేక, అధ్యక్షుడు లోవెల్ హయాంలో మార్కులతో పాటు శీలం, వ్యక్తిత్వం అనే కొలతలను ముందుకు తెచ్చారు. మనిషిని చూస్తామన్న మాటే కొందరికి తలుపు మూయడానికి సాధనమైనది. 2023లో ముగిసిన దావాలోనూ ఆసియా సంతతి అభ్యర్థులను వ్యక్తిత్వపు అంచనాలో తగ్గించారన్నది ఒక ప్రధాన ఆరోపణ. ఉద్దేశపూర్వక వివక్ష లేదని 2019లో క్రింది కోర్టు భావించింది. ఆ ఆసియా సంతతిలో తెలుగు కుటుంబాల పిల్లలూ ఉన్నారు. కావున సమగ్రత అనే పేరొక్కటే న్యాయానికి హామీ కాదు. ఏ గుణాలను చూస్తారో ముందే నిర్ణయించి, అందరికీ ఒకే కొలత వాడి, ఒకరికి మించి చదివినపుడే దానికి విశ్వసనీయత కలుగుతుంది.

ఈ వివాదం తెలుగువారికి క్రొత్త కాదు. ఆంధ్ర ప్రాంతం కలిసియున్న నాటి మద్రాసు రాష్ట్రంలో వైద్య, ఇంజనీరింగు సీట్లను ప్రతి పద్నాలుగింటికీ కులమతాల వారీగా పంచిన ప్రభుత్వ ఉత్తర్వును 1951లో సుప్రీంకోర్టు రద్దు చేసింది. ఆ ఏడే రాజ్యాంగపు తొలి సవరణ ద్వారా 15(4) అధికరణం చేరి, వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక సౌకర్యాలకు దారి తీసింది. భారతీయ పద్ధతిలో లెక్క బహిరంగం, వ్యక్తి కథకు చోటు తక్కువ. అమెరికా పద్ధతిలో వ్యక్తి కథకు చోటున్నది, లెక్క తెరచాటున ఉన్నది. రెండింటి మూలప్రశ్న ఒక్కటే: పరుగు ఎక్కడ మొదలైనదో చూడక, ఎవరు ముందు చేరారో మాత్రమే చూడడం న్యాయమా?

ఈ ప్రశ్నకు పాఠశాల చేయగల ఉపకారం కొంత ఉన్నది. సిఫారసు లేఖలో "చాలా మంచి విద్యార్థి" అన్న వాక్యం ఎవరికీ ఉపయోగపడదు. ఆ విద్యార్థి ఏ ప్రశ్న వేసినదీ, ఏ కష్టాన్ని దాటినదీ చెప్పే వాక్యం విలువైనది. అట్టి వాక్యం వ్రాయాలంటే ఉపాధ్యాయుడు విద్యార్థిని ఎరిగి ఉండాలి. ఇంట తెలుగు, వీధిలో వేరొక భాష, పుస్తకాలలో ఇంగ్లీషు నేర్చిన బిడ్డ దానిని లోపంగా దాచుకోనక్కరలేదు. తన అనుభవంగా నిజాయితీతో వ్రాసుకోవచ్చు. తల్లిదండ్రులు ఇతరులచేత వ్రాయించి తెచ్చిన వ్యాసాలపై గాక, పిల్లల సొంత మాటపై నమ్మకముంచాలి.

మార్కు అవసరమే, దానిని చిన్నచూపు చూడరాదు. కానీ ఆ మార్కు వెనుక ఉన్న బిడ్డను మొదట చదవవలసినది ఏడు సముద్రాల అవతలి సంఘం కాదు, ఇంటిలోని తల్లిదండ్రులు, తరగతిలోని గురువులు. ఈ విద్యాలయం శతజయంతి నాటికి అట్టి చదువరులను మరింత మందిని పొందుగాక!